అతసి, ఉమ, క్షుమ: అవిసెను గురించిన పదవిచారణ

విష్ణువు శరీరకాంతికి అతసీపుష్పాన్ని ఉపమానంగా చెప్పటం సంస్కృత స్తోత్రవాఙ్మయంలో సుప్రసిద్ధం. మహాభారత శాంతిపర్వంలోని భీష్మస్తవరాజంలో ఈ ఉపమానం ఉన్నది. బాలురు కంఠస్థం చేసే కృష్ణాష్టకంలోనూ ఉన్నది. తరగతిలో ఈ పదం రాగానే “అతసి అనగా అవిసె” అని అర్థం చెప్పి ముందుకు సాగటం పరిపాటి. చెప్పిన అర్థం తప్పు కాదు. అయితే ఆ మాట విన్న తెలుగు విద్యార్థి మనస్సులో మెదిలేది పెరటిలోని అవిసెచెట్టు. దాని ఆకు కూరకు, పశువుల మేతకు వస్తుంది. కొడవలివలె వంపు తిరిగిన దాని పెద్ద పూవు తెల్లగానో ఎర్రగానో ఉంటుంది. ఆ పూవును తలచుకొని శ్లోకం చదివినవానికి నీలమేఘశ్యాముడు తెల్లనివాడైనా కావాలి, ఎర్రనివాడైనా కావాలి. ఉపమానం చెడిపోయినదని గ్రహించిన విద్యార్థి కవిని అనుమానిస్తాడు. గ్రహించనివాడు అర్థంలేని మాటను వల్లించి ఊరుకుంటాడు.

ఇది ఒక్క శ్లోకంతో పోయే చిక్కు కాదు. అతసి అనే మొక్క పేరు, దాని నారతో నేసిన క్షౌమం అనే వస్త్రం పేరు వేదాంగాల నుండి కావ్యాల వరకు, ధర్మశాస్త్రం నుండి ఆయుర్వేదం వరకు వ్యాపించి ఉన్నవి. తెలుగు టీకలలో, తాత్పర్యాలలో ఈ రెండు పదాలకు రెండు రకాల అన్యాయం జరిగినది. మొదటిదానిని ఒక చెట్టు మింగినది, రెండవదానిని పట్టుపురుగు మింగినది. ఈ రెండింటినీ మరల వెలికి తీయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మొక్కను చూద్దాము. అమరసింహుడు వైశ్యవర్గంలో, అనగా పైరులను చెప్పే చోట, అతసీ, ఉమా, క్షుమా అనే మూడు పర్యాయపదాలను ఇచ్చినాడు. చెట్లను చెప్పే వనౌషధివర్గంలో కాక పైరుల నడుమ చెప్పటమే మొదటి ఆధారం. పదునారవ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు భావప్రకాశంలో ఈ పర్యాయాలకు నీలపుష్పీ, పార్వతీ అనే రెండింటిని చేర్చినాడు. నీలపుష్పి అన్న ఒక్క పేరు చాలును, సందేహం తీరుతుంది. ఇక తెలుగువారి అవిసెచెట్టుకు ఆ గ్రంథంలోనే అగస్త్య, వంగసేన, మునిపుష్ప, మునిద్రుమ అనే పేర్లు వేరుగా ఉన్నవి. శాస్త్రకారునికి ఇవి రెండు వేరు వేరు ఓషధులు, రెండు వేరు వేరు గుణపాఠాలు. ఒకటిగా కలిపినది మన దేశభాషయే.

పార్వతీ అనే పర్యాయం ఉమాశబ్దం మీద నడచిన చమత్కారం. ఉమ అనగా మొక్క, ఉమ అనగా దేవి. దేవి పేరు మొక్కకు వచ్చినది కనుక దేవికి గల మరొక పేరు కూడ మొక్కకు చెల్లినది. నిఘంటుకారులు ఇట్లు ఒక పేరుకు గల పర్యాయాలన్నిటినీ మరొక అర్థానికి సంక్రమింపజేయటం మామూలే. కాళిదాసు కుమారసంభవంలో దేవి పేరుకు, తపస్సు వద్దని తల్లి వారించటం నుండి పుట్టినదని వేరే నిర్వచనం ఇచ్చినాడు. దేవి పేరు మొక్క నుండి వచ్చినదని గాని, మొక్క పేరు దేవి నుండి వచ్చినదని గాని ఇక్కడ మనం వాదింపనక్కరలేదు.

ఈ మొక్క రెండు మూడడుగుల ఎత్తు పెరిగే ఏకవార్షికపు పైరు. కాండం సన్నం, ఆకులు సన్నం. పూవుకు ఐదు రేకులు, లేత ఆకాశనీలం రంగు. తెల్లని పూవులు పూసే రకాలు ఉన్నా నీలిపూవుల రకమే ఎక్కువ. పూవు ఉదయం విచ్చుకొని మధ్యాహ్నానికి రేకులు రాలుస్తుంది. కాబట్టి ఎండ ముదిరిన తరువాత చేనికి పోయి చూచినవానికి నీలిమ కనబడదు. గుండ్రని చిన్న కాయలో పదికి మించని గింజలు. అవి చదునుగా, నున్నగా, గోధుమవన్నెతో మెరుస్తుంటవి. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయనామం లైనం ఉసిటాటిస్సిమం. ఆ రెండవ మాటకు లాటిన్‌లో మిక్కిలి ఉపయోగపడేది అని అర్థం. మొదటి మాటకు సోదరమే ఆంగ్లంలోని లినెన్. నేడు నగరపు వస్త్రదుకాణాలలో లినెన్ చొక్కా కొనుక్కొనే యువకుడు క్షౌమం ధరిస్తున్నానని ఎరుగడు. అతనికి పాఠం చెప్పే మనం కూడ ఆ మాట చెప్పటం లేదు.

ఉపమానానికి మరల వద్దాము. ఒక పూవును చూస్తే అతసి నీలిమ లేతది. ఒక చేనంతా ఒకేసారి పూచినప్పుడు మాత్రం నేల మీద నీరు నిలిచినట్లు కనబడుతుంది. మేఘశ్యామత్వం చెప్పే ఉపమానాలలో బరువు ఉన్నది, గంభీరత ఉన్నది. అతసి చెప్పే శ్యామత్వంలో సౌకుమార్యం, ప్రాతఃకాలపు తేటదనం ఉన్నవి. భీష్ముడు శరతల్పం మీద నుండి చూచే మూర్తికి పీతాంబరాన్ని, అతసీకాంతిని జోడించటంలో ఈ ఔచిత్యం గమనింపదగినది. అగస్త్యపుష్పాన్ని మనస్సులో పెట్టుకొన్నవానికి ఇదంతా దక్కదు.

ఈ చిక్కు తెలుగువారికి మాత్రమే వచ్చినది కాదు. తెలుగులో అవిసె, అగిసె అన్న రూపాలు పైరుకూ చెట్టుకూ సమానం. కన్నడంలోనూ అగసె అనే మాట రెండింటికీ చెల్లుతుంది. చెట్టును వేరు చేయదలిస్తే అగసె మర అంటారు. తమిళులు చెట్టును అగత్తి అని, గింజను ఆళి విదై అని వేరుగా పిలుస్తారు కనుక వారికి ఈ బాధ లేదు. వంగదేశంలో చిక్కు మరొక విధంగా పరిణమించినది. అక్కడ అతసి అన్న పేరు జనుము జాతికి చెందిన పసుపుపచ్చని పూవుల మొక్కకు స్థిరపడినది. దుర్గాపూజలో దేవీధ్యానం అతసీపుష్పవర్ణాన్ని చెప్పగా అక్కడివారు దానిని బంగారు వన్నెగానే గ్రహించి ప్రతిమకు పసుపుపచ్చని రంగు వేస్తారు. ఒకే పదం దక్షిణాన తెల్లబడినది, తూర్పున పచ్చబడినది. గ్రంథం తోడు లేనప్పుడు ప్రతి దేశంవారూ తమ ఎదుటనున్న పూవునే కవి నోట పలికిస్తారు.

తెలుగులో మరొక వాడుకపేరు మదనగింజలు. దీనితోనూ జాగ్రత్తగా ఉండవలెను. ఆయుర్వేదంలో మదనఫలం వమనద్రవ్యాలలో శ్రేష్ఠమని చెప్పిన వేరొక కాయ. అవిసెగింజకు దానితో సంబంధం లేదు. హిందీలో అల్సీ, తీసీ అన్నవి, మరాఠీలో అళశీ అన్నది అతసీశబ్దం నుండి దిగివచ్చినవే. మరాఠీలో జవస అని మరొక పేరు కూడ ఉన్నది. హైదరాబాదు బేగంబజారులో కిరాణా వర్తకుని అల్సీ అడిగితే తడబాటు లేకుండ గింజలే ఇస్తాడు. ఈ విషయంలో నగరపు దక్కనీ ఉర్దూ సంస్కృతపదాన్ని మన తెలుగుకన్న భద్రంగా కాపాడినదని ఒప్పుకొనక తప్పదు.

ఇక వ్యాకరణసాక్ష్యం. ఈ మొక్కకు గల రెండు ప్రయోజనాలను, గింజను, నారను, పాణిని రెండు వేరు వేరు చోట్ల పట్టుకొన్నాడు. ఐదవ అధ్యాయం రెండవ పాదంలో ధాన్యాలు పండే పొలాన్ని చెప్పే ప్రత్యయాల ప్రకరణం ఉన్నది. అందులో నాలుగవ సూత్రం తిల, మాష, ఉమా, భంగా, అణు అనే ఐదు శబ్దాలకు వికల్పంగా యత్ప్రత్యయాన్ని విధిస్తుంది. దానివలన అవిసె పండే పొలానికి ఉమ్యం, ఔమీనం అని రెండు రూపాలు సిద్ధిస్తవి. నువ్వుల చేనికి తిల్యం, తైలీనం ఎట్లో ఇదీ అట్లే. ఉమా, భంగలు ధాన్యాలెట్లు అవుతవి అన్న శంక వ్యాఖ్యాతలకు కలిగినది. వాటికీ ధాన్యత్వాన్ని అంగీకరించి సమాధానం చెప్పినారు. ఈ శంకయే మనకు విలువైనది. నార కోసమూ పండించే పైరు కనుకనే అది ధాన్యమా కాదా అన్న ప్రశ్న పుట్టినది.

రెండవ చోటు నాలుగవ అధ్యాయం మూడవ పాదం, నూట యాభై ఎనిమిదవ సూత్రం. ఇది వికారార్థప్రకరణం, అనగా ఒక ద్రవ్యంతో చేసిన వస్తువును చెప్పే చోటు. ఇక్కడ సూత్రకారుడు ఉమాశబ్దానికి జంటగా తిలను గాని మాషను గాని తీసుకొనలేదు, ఊర్ణాశబ్దాన్ని తీసుకొన్నాడు. ఊర్ణ అనగా ఉన్ని. ఈ రెండింటికీ వుఞ్‌ప్రత్యయం వికల్పంగా వస్తుంది. ఔమకం, ఔమం, ఔర్ణకం, ఔర్ణం అని రూపాలు. పొలాన్ని చెప్పేటప్పుడు నువ్వులతోను మినుములతోను కూడి నిలిచిన మొక్క, వస్తువును చెప్పేటప్పుడు ఉన్నితో కూడి నిలిచినది. పాణిని కాలపు పశ్చిమోత్తరదేశంలో అవిసెనార ఉన్నివలె వస్త్రోపయోగి అయి ఉండెనని దీనివలన ఊహించటం న్యాయం. అష్టాధ్యాయిని పాఠంగా చెప్పేవారు ఈ రెండు సూత్రాలనూ పక్కపక్కన పెట్టి చూపితే విద్యార్థికి రూపసిద్ధితో పాటు ఆనాటి గ్రామం కూడ కనబడుతుంది.

కౌటిలీయార్థశాస్త్రం ద్వితీయాధికరణంలో అతసి మూడు చోట్ల వస్తుంది. సీతాధ్యక్షుడు, అనగా రాజు పొలాలను చూచే అధికారి, విత్తవలసిన క్రమంలో అతసిని గోధుమ, యవ, మసూర, సర్షపాలతో పాటు కడపట విత్తే పైరులలో చెప్పినాడు. నేటి రబీ క్రమం ఇదే. వానకాలం వెళ్లిన తరువాత నేలలో నిలిచిన తేమతో పండే పైరు ఇది. కోష్ఠాగారాధ్యక్షప్రకరణంలో నూనెగింజల దిగుబడి లెక్క ఉన్నది: అతసికి ఆరింట ఒక వంతు నూనె, వేపవంటి వాటికి ఐదింట ఒక వంతు, తిల, కుసుంభ, మధూకాదులకు నాలుగింట ఒక వంతు. గింజలో నూనె ఇంతకు రెట్టింపు పైగా, నూటికి ముప్పది ఐదు నుండి నలుబది ఐదు పాళ్ల వరకు ఉంటుందని నేటి పరీక్షలు చెప్తున్నవి. ఎద్దుగానుగలో అంతా దిగదు. పిండిలో చాలా నిలిచిపోతుంది. కౌటిల్యుని లెక్క గింజ స్వభావాన్ని చెప్పే లెక్క కాదు, కొట్టు అధికారి ప్రజల నుండి తీసుకొనవలసిన నూనెను నిర్ణయించే లెక్క. ఇక సూత్రాధ్యక్షుడు వడికించే నూలులలో ఊర్ణ, వల్క, కార్పాస, తూల, శణములతో పాటు క్షౌమం ఉన్నది. వడికేవారు వితంతువులు, వికలాంగులు మొదలైన నిరాధారస్త్రీలు.

ఇక్కడి నుండి వస్త్రవిచారణ. కావ్యపాఠాలలో క్షౌమం రాగానే పట్టువస్త్రం అని అర్థం చెప్పటం మనకు అలవాటు. శాస్త్రగ్రంథాలు దీనిని ఒప్పుకొనవు. అమరుడు మనుష్యవర్గంలో వస్త్రాలు పుట్టే చోట్లను నాలుగుగా విభజించినాడు: త్వక్కు, ఫలం, క్రిమి, రోమం. క్షౌమాదులు త్వక్కు నుండి, అనగా నార నుండి పుట్టినవి. కార్పాసం ఫలం నుండి. కౌశేయం క్రిమికోశం నుండి. రాంకవం మృగరోమం నుండి. ఇంతకన్న స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. క్షౌమం మొదటి తెగ, పట్టు మూడవ తెగ.

మనుస్మృతి ఐదవ అధ్యాయంలోని ద్రవ్యశుద్ధిప్రకరణం మరొక ప్రబలసాక్ష్యం. అక్కడ కౌశేయాన్ని, ఉన్నిని చౌటిమన్నుతోను, కుతపాలను కుంకుడుకాయలతోను, అంశుపట్టాలను మారేడుకాయలతోను, క్షౌమాలను తెల్లని ఆవాలతోను శుద్ధి చేయమని విధి ఉన్నది. క్షౌమమూ పట్టూ ఒకటే అయితే రెండు విధులు ఎందుకు? క్షౌమం పట్టు అని అర్థం చెప్పినవాడు ఈ శ్లోకం దగ్గరకు వచ్చేటప్పటికి కౌశేయానికి మరొక మాట వెదుకుకొనవలసి వస్తుంది. రెండవ అధ్యాయంలో బ్రహ్మచారుల వస్త్రాలు వర్ణక్రమంగా శాణ, క్షౌమ, ఆవికములని చెప్పినాడు. జనుపనార, అవిసెనార, ఉన్ని. గురుకులంలో భిక్షాటనం చేసే క్షత్రియబాలునికి పట్టుబట్ట విధించినట్లు అర్థం చెప్పటం ఆ ప్రకరణధర్మానికే విరుద్ధం.

సుశ్రుతుడు సూత్రస్థానంలో వ్రణబంధానికి పనికివచ్చే వస్తువుల పట్టికలో క్షౌమం, కార్పాసం, ఆవికం, దుకూలం, కౌశేయం, పత్రోర్ణం, చీనపట్టం అని వరుసగా వేరు వేరుగా చెప్పినాడు. గాయాన్ని కుట్టటానికి శణసూత్రం, క్షౌమసూత్రం వాడవచ్చునన్నాడు. వైద్యునికి ఏ దారం ఏ మొక్కదో తెలియవలెను కదా. ఇది అలంకారభాష కాదు, చేతిపనికి సంబంధించిన ఆదేశం. కౌటిల్యుడు కూడ కాశికం, పౌండ్రకం అని క్షౌమభేదాలను చెప్పి, కౌశేయాన్ని, చీనపట్టాన్ని విడిగా చెప్పినాడు.

మరి పట్టు అన్న అర్థం ఎట్లు పుట్టినది? నాకు రెండు కారణాలు తోస్తున్నవి. అమరుడే క్షౌమానికి దుకూలాన్ని పర్యాయంగా ఇచ్చినాడు. దుకూలశబ్దం కాలక్రమంలో ఏ సన్నని విలువైన వస్త్రానికైనా చెల్లి, చివరకు పట్టుకు చేరినది. దానితో జత కట్టిన క్షౌమం కూడ ఆ దారినే పోయినది. రెండవది ఆచారం. దక్షిణదేశంలో అవిసెనార నేత లేదు. పూజకు, వివాహానికి, మడికి పట్టు నిలిచినది. పూర్వం క్షౌమం నిర్వహించిన పనిని ఇక్కడ పట్టు నిర్వహిస్తున్నది కనుక టీకాకారుడు పాఠకునికి తెలిసిన వస్త్రాన్ని పేర్కొన్నాడు. అతని ఉద్దేశం అర్థం కావచ్చును గాని, దానిని పదార్థంగా నిఘంటువుకు ఎక్కించటం కుదరదు. పాశ్చాత్యులూ దీనికి అతీతులు కారు. హర్షచరితంలో కామరూపరాజు పంపిన కానుకలలోని క్షౌమాలను 1897లో వెలువడిన కావెల్, థామస్‌ల ఆంగ్లానువాదం పట్టువస్త్రాలనే అన్నది. బాణుడు వాటిని శరచ్చంద్రకాంతి కలవిగాను, ఉతుకుకు ఓర్చేవిగాను వర్ణించినాడు. ఉతికినకొద్దీ మెత్తబడి తెల్లబడటం అవిసెనారకు సహజగుణం. పట్టును పొగిడే కవి ఆ గుణాన్ని ముందు పెట్టడు.

కాళిదాసును ఈ దృష్టితో చదివితే అతని ప్రయోగాలు ఒక్కటొక్కటిగా వెలుగుతవి. శాకుంతలం నాలుగవ అంకంలో శకుంతలకు క్షౌమాన్ని ఇచ్చినది ఒక చెట్టు. అది చంద్రునివలె తెల్లనిది. త్వక్కు నుండి పుట్టే వస్త్రాన్ని వృక్షం ఇవ్వటంలో ఉన్న సహజత్వం పట్టు అనగానే పోతుంది. ఆశ్రమవృక్షం పట్టుచీర ఇవ్వటం అద్భుతం మాత్రమే. క్షౌమం ఇవ్వటం అద్భుతమూ, ఔచిత్యమూ. కుమారసంభవం ఏడవ సర్గలో పెండ్లికూతురైన ఉమ కొత్త క్షౌమం ధరించి నురుగులతో కూడిన పాలకడలి తీరంవలె, నిండు చందురుడున్న శరద్రాత్రివలె ప్రకాశించినదన్నాడు. ఇక్కడా ధవళిమయే ప్రధానం. ఉమ ధరించినది ఉమావస్త్రమే కదా అని ఒక అధ్యాపకుడు తరగతిలో నవ్వుతూ అంటే తప్పు పట్టను గాని, కవి దానిని ఉద్దేశించినాడని మాత్రం చెప్పలేము.

రఘువంశం పండ్రెండవ సర్గలోని ప్రయోగం అన్నిటికన్న ముఖ్యం. పట్టాభిషేకానికై మంగళక్షౌమాలు ధరించినప్పుడు, వనవాసానికై వల్కలాలు ధరించినప్పుడు రాముని ముఖవర్ణం ఒక్కటిగానే ఉండెనని జనులు చూచి ఆశ్చర్యపడినారు. పట్టు అని అర్థం చెప్పినప్పుడు ఇది సంపదకూ దారిద్ర్యానికీ మధ్య భేదం మాత్రమే. అమరుని విభాగాన్ని జ్ఞప్తికి తెచ్చుకొంటే మరొక సూక్ష్మం కనిపిస్తుంది. క్షౌమమూ వాల్కమే, వల్కలమూ వాల్కమే. ఒకటి సంస్కరించి, వడికి, నేసి, తెల్లబరచిన నార. రెండవది చెట్టు నుండి ఒలిచిన నార. రెండు దుస్తులూ ఒకే జాతికి చెందినవి, భేదం మానవప్రయత్నం చేసినది. రామునికి ముఖవర్ణం మారకపోవటానికి లోపల ఒక అనుకూలతను కవి సమకూర్చినాడని నా అభిప్రాయం. రఘువంశానికి, కుమారసంభవానికి వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మెదకు జిల్లా కొలిచారం వాడు. అతడు పుట్టిన ప్రాంతంలో ఈ కావ్యపాఠం చెప్పుకొనే మనకు ఈ శ్రద్ధ మరింత ఉండవలెను.

వాల్మీకి అయోధ్యాకాండలో అభిషేకదినాన కౌసల్యాదేవిని క్షౌమవస్త్రంతో అగ్నికార్యంలో చూపినాడు. ఈజిప్టు పురోహితులు అవిసెనార వస్త్రం తప్ప మరొకటి కట్టరని హెరొడోటస్ వ్రాసినాడు. యూదుల ధర్మశాస్త్రం ఉన్నిని, అవిసెనారను కలిపి నేసిన వస్త్రాన్ని నిషేధించినది. జంతుసంబంధం లేనిది, నిత్యం ఉతకదగినది కావటం చేత ఈ వస్త్రానికి పలుదేశాలలో శుచిత్వం సంక్రమించినదని తోస్తున్నది. ఈ శుచిత్వానికి ప్రాణిహింసతో సిద్ధమయ్యే పట్టు మనదేశంలో వారసురాలు కావటం ఒక విచిత్రం.

నార తీసే పద్ధతిని కూడ చెప్పవలెను. వల్కశబ్దం ఎందుకు తగినదో దానివలన తెలుస్తుంది. మొక్కను కోయరు, నార పొడవు తగ్గకుండ వేరుతో పీకుతారు. కాయలు దులిపి, కట్టలు కట్టి నీటిలో నానవేస్తారు. మంచు కురిసే దేశాలలో పచ్చికమీద పరచి మంచుకు ఊరనిస్తారు. సూక్ష్మజీవులు నారను కాండానికి అంటించి ఉంచే జిగురును కరగిస్తవి. తరువాత ఎండబెట్టి, చితుకగొట్టి, పుల్లలు దులిపి, దువ్వెనవంటి పరికరంతో దువ్వుతారు. చెరువులో జనుము, గోగు ఊరవేయటం చూచిన తెలంగాణ విద్యార్థికి ఇందులో కొత్త ఏమీ లేదు. పాఠం చెప్పేవాడు జనుము పేరు ఎత్తితే చాలును. శణమూ క్షుమా ధర్మశాస్త్రంలో పక్కపక్కనే ఉన్నవి.

అట్లయితే దక్కనులో క్షౌమం ఎందుకు నిలువలేదు? అవిసెలో రెండు తెగలు ఉన్నవి. చల్లని దేశాలలో ఒత్తుగా విత్తగా కొమ్మలు లేక పొడవుగా పెరిగే తెగ నారకు. పొట్టిగా, కొమ్మలు వేసి, ఎక్కువ కాయలు కాచే తెగ నూనెకు. భారతదేశంలో పెరిగేది ప్రధానంగా రెండవది. పైగా పత్తి ఇక్కడ సులభం. అయినా నార జ్ఞానం ఈ పీఠభూమిలో లేకపోలేదు. మహారాష్ట్రలో పుణె జిల్లాలోని చండోలి త్రవ్వకాలలో సుమారు మూడు వేల సంవత్సరాలకు పూర్వపు తామ్రశిలాయుగ సమాధిలో రాగిపూసలను గ్రుచ్చిన దారం అవిసెనారదని పరీక్షలో తేలినది. నర్మదాతీరంలోని నవదాతోలిలో అవిసెగింజలు దొరికినవి. దేశాంతరాలలో దీని ప్రాచీనత ఇంకా ఎక్కువ. ఇజ్రాయెల్‌లోని నహాల్ హేమార్ గుహలో క్రీస్తుపూర్వం ఏడవ సహస్రాబ్దికి చెందిన అవిసెనార అల్లికలు దొరికినవి. ఈజిప్టు శవపేటికలలోని చుట్టుగుడ్డలు దీనివే.

నైజాముల కాలపు హైదరాబాదు రాజ్యంలో జొన్న, శనగ, గోధుమలతో పాటు అవిసె రబీపైరుగా ఉండేది. శంషాబాదు పరిసరాలు ప్రధానంగా చెలకనేలలు. రాతిగుట్టల నడుమ ఎర్రమన్ను. పడమరగా చేవెళ్ల, వికారాబాదు, తాండూరుల వైపు పోయినకొద్దీ నల్లరేగడి కనిపిస్తుంది. తేమను పట్టి ఉంచే ఆ నేలయే ఈ పైరుకు అనుకూలం. కౌటిల్యుని కడపటి విత్తు అనే మాటకు అర్థం అక్కడి రైతుకు వివరింపనక్కరలేదు. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన తరువాత చుట్టుపక్కల పొలాలలో అనేకం ఇండ్లస్థలాలుగా, రహదారులుగా మారినవి. పైరుతో పాటు పైరుకు సంబంధించిన మాటలు కూడ వాడుక నుండి తొలగుతవి. అదృష్టవశాత్తు దగ్గరలోనే రాజేంద్రనగరులో 1977లో నూనెగింజల పరిశోధన డైరెక్టరేటుగా ఏర్పడిన సంస్థ నేడు భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ అనే పేరుతో పనిచేస్తున్నది. ఆముదం, కుసుమ, పొద్దుతిరుగుడు మొదలైనవాటితో పాటు అవిసె కూడ దాని పరిధిలోనిదే. శీతకాలపు ఉదయాన విద్యార్థులకు అతసీపుష్పాన్ని కంటికి చూపదలచిన అధ్యాపకుడు తోటలోని అవిసెచెట్టు దగ్గర ఆగిపోక అటువంటి చోట ముందుగా విచారింపవచ్చును. మధ్యాహ్నం వెళ్తే మాత్రం ప్రయోజనం లేదు.

నూనెను గురించి కొంచెం. అవిసెనూనె గాలి తగిలితే గట్టిపడి పొరకడుతుంది. అందుచేత రంగులలో, వార్నీషులలో, కిటికీ అద్దాలకు పెట్టే లప్పంలో వాడినారు. అచ్చు సిరా కూడ చాలకాలం మరిగించిన అవిసెనూనెలో దీపపు మసి కలిపి చేసినదే. మనం చదువుకొన్న వావిళ్లవారి అమరకోశంలో అతసీశబ్దం ఉన్న పుట కూడ అతసీతైలంతోనే అచ్చయి ఉండవచ్చును.

వైద్యవిషయంలో మాత్రం పరిహాసం కూడదు. చరకుడు సూత్రస్థానంలో అతసీతైలం ఉష్ణవీర్యమని, వాతానికి హితమని, రక్తపిత్తాన్ని ప్రకోపింపజేస్తుందని చెప్పినాడు. భావమిశ్రుడు అతసిని దృష్టికి అహితమన్నాడు. గింజను నూరి వెచ్చగా కట్టే ఉపనాహం వాతవ్యాధులలో ప్రసిద్ధం. అగస్త్యవృక్షం గుణాలు వేరు. సంస్కృతవైద్యగ్రంథాన్ని తెలుగుచేసేవాడు రెండు చోట్లా అవిసె అని వ్రాసి వదిలితే, చదివినవాడు ఒకదాని గుణం చూచి మరొకదానిని నూరుతాడు. నేడు అవిసెగింజలు ఆరోగ్యం కోసమని ఇంటింటా వెల్లుల్లి, ఎండుమిరపతో పొడి కొట్టుకొంటున్నారు. వార్తాపత్రికలలో ఒమేగా కొవ్వుల మాట తరచు వస్తున్నది. ఇటువంటి కాలంలో పాతగ్రంథాల అనువాదంలోని అస్పష్టత పుస్తకంలోనే ఉండిపోదు, వంటింటికి చేరుతుంది.

కాబట్టి పాఠ్యగ్రంథాల టీకలు కూర్చేవారు అతసీశబ్దానికి “నీలిపూవులు పూసే అవిసెపైరు, నూనెగింజల మొక్క” అని, అగస్త్యశబ్దానికి “అవిసెచెట్టు” అని, క్షౌమశబ్దానికి “అవిసెనారతో నేసిన తెల్లని వస్త్రం” అని వ్రాయటం మేలు. సందర్భాన్ని బట్టి పట్టు అన్న మాట తప్పనిసరి అనుకొంటే, నేటి ఆచారంలో దానికి బదులుగా పట్టు వాడుతున్నారని విడిగా చెప్పవచ్చును. దుకూలం సంగతి ఇంత సులువుగా తేలదు. అమరుడు క్షౌమంతో కలిపినాడు, సుశ్రుతుడు విడదీసినాడు, కౌటిల్యుడు వంగదేశపు తెల్లని దుకూలానికీ, పౌండ్రదేశపు నల్లని దుకూలానికీ భేదం చెప్పినాడు. అది ఏ మొక్క నార అన్నది వేరుగా విచారింపవలసిన విషయం.